భోంగా మోగనప్పుడు

జొన్నరొట్టె చరుస్తూ సుమన పెదవులు కదుపుతోంది. నఖ్ట్. జుస్టర్. డచ్ మాటలు రెండేసి మూడేసి అతుక్కుని ఒక్కటిగా ఉంటాయి. ముందు అతుకు దగ్గర విడదీయాలి, ఆ తర్వాతే అక్షరాలు విరిచి పలకాలి. నఖ్ట్ అంటే రాత్రి, జుస్టర్ అంటే నర్సు. ఆ ‘ఖ’ గొంతు అడుగునుంచి గీరుకుంటూ రావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

“మామ ముందల ఖాకరిస్తవా? మోరీ కాడికి పో,” అంది అత్త సుందరబాయి, సుమన అది పలికిన మొదటిరోజే. ఆ ఇంట్లో కోడలి గొంతు మామ చెవిన పడకూడదు. కాపురానికొచ్చిన నాటినుంచి మామ భీమయ్య ఏమడిగినా సుమన గాజుల చప్పుడే జవాబు. రాత్రి డ్యూటీ చేసొచ్చి రొట్టెలు చేసే చేతులు కావాలి ఈ ఇంటికి, నర్సు జీతం కావాలి, గొంతు మాత్రం వద్దు!

భర్త మార్కండేయ మంచివాడే, పాపం. “మనసుల సదువుకోరాదు? నాయన వింటే ఏమనుకుంటడు?” అన్నాడు. హాలండులో ఏడాది శిక్షణకు దవాఖానా నుంచి ఒక్క నర్సునే పంపుతారని, డచ్ చదివి వినిపించే తీరు చూసే ఎంచుతారని అతనికీ తెలుసు.

అందుకే ఆమె మిల్లు సైరన్, ఆ భోంగా కోసం కాచుకునేది. అది నాందేడంతా దద్దరిల్లేలా కూసినంతసేపూ గొంతు విప్పి పలికేది. భోంగా ఆగితే తనూ ఆగేది.

ఇవాళ పగలు దవాఖానాలో, నర్సును ఎంచడానికొచ్చిన డచ్ సిస్టర్ ముందు కాగితం పట్టుకుని నిలబడింది. ఏ మాట ఎక్కడ విడిపోతుందో వేలితో సరిగ్గానే చూపించింది. నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ రాలేదు. వెనకాలే అత్త నిలబడి ఉన్నట్టనిపించింది. నీకు తెలుసు, కానీ నాకు వినబడాలి కదా, రేపు ఆఖరుసారి రా అంది సిస్టర్ వచ్చీరాని మరాఠీలో.

రేపు! పొద్దున్న వరకూ భోంగా మోగదు.

చివరి రొట్టె పెనం మీంచి తీసి సుమనే పట్టుకెళ్లింది. తండ్రీకొడుకులు తింటున్నారు. రొట్టె మామ కంచంలో వేసి, వెంటనే వెనక్కి తిరగాల్సింది తిరగలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పడం, అందరి మీదా, అన్నాళ్లూ నోరు మూసుకున్న తన మీద కూడా.

“నఖ్ట్-జుస్టర్,” అంది గట్టిగా.

వంటింట్లోంచి అత్త గాజులు గలగల్లాడించి హెచ్చరించింది. మార్కండేయ చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. భీమయ్య తలెత్తి కొడుకును చూశాడు.

“ఎవలదిరా ఆ గొంతు?”

“నాదే, మామా,” అంది సుమన. “ఇంక చాన మాటలున్నయి. తినుకుంట వినుండ్రి.”