వెర్నా విల్లు పట్టిన రోజు

కెంటకీ కొండల్లోని ఓ స్కూల్లో వెర్నా ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఆటలు నేర్పుతోంది. ఈ ఏడు నుంచి విలువిద్య కూడా నేర్పాలని, చుట్టుపక్కల టీచర్లతో పాటు ఆమెనీ శిక్షణకి పంపారు. అందరూ గీత మీద నిలబడి బాణాలు వేస్తుంటే, ఆమె మాత్రం విల్లు పట్టుకుని కొయ్యబారిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు శిక్షణ ఇస్తున్న ముసలి హోబార్ట్.

"పదేళ్ల వయసులో నేను వేసిన బాణానికి మా తమ్ముడి కన్ను పోయిందండీ. మళ్లీ విల్లు ముట్టడం ఇవాళే."

హోబార్ట్ తన మెడలోని ఈల తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే బాణాలు ఏరుకోడానికి ఎప్పుడు వెళ్లాలో ఈల ఊది నువ్వే చెప్పు."

అందరి బాణాలూ అయిపోయాయి. వెర్నా ఈల ఊదలేదు. ఒక్కొక్కరి చేతులే చూస్తూ గీత చివరిదాకా నడిచింది.

"పొద్దెక్కిపోతోంది తల్లీ, ఊదవేం?" అని విసుక్కున్నాడు చివర నిలబడ్డ లెక్కల మాస్టారు.

"మీ విల్లు ఇంకా చేతిలోనే ఉంది మాస్టారూ. ముందు వెనకాల కొక్కేనికి తగిలించి రండి."

ఆయన నాలిక్కరుచుకుని విల్లు తగిలించి వచ్చాడు. అప్పుడు ఊదింది.

మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే వెర్నా గీత మీదికొచ్చి విల్లెత్తింది. బాణం గురి తప్పి నేలమీద జారిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆమె రెండోది అందుకుంది.