ఎల్లేష్ మేస్త్రీ సాక్ష్యం

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఎల్లేష్ మేస్త్రీ పోయాడని తెలిసినప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు. ‘హమ్మయ్య, ఇక మా సందులో ఎవరి గుట్టూ బయటపడదు’ అనుకున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి గానీ, ఆయన కన్నకూతురు సువార్తకే ఏడుపు రాలేదు.

పత్తర్‌గట్టి వెనక రెండు గదుల ఇల్లు వాళ్లది. ఎల్లేష్‌ను పడుకోబెట్టిన ఐస్ బాక్స్, ముందు గదినంతా మింగేసింది. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సువార్త పొద్దుటినుంచి కూర్చునే ఉంది. నాలుగింటికి సమాధి. చర్చి వాళ్ల సమాధుల తోటలో తల్లి కళావతి పక్కన ఇంకొక్క మనిషికి జాగా ఉంది. భార్యను మట్టిలో పెట్టిన రోజున ఎల్లేష్ చర్చి కమిటీని బతిమాలి వదిలిపెట్టించుకున్న జాగా అది. జీవితంలో ఆయన ఎవరినైనా బతిమాలింది ఆ ఒక్కసారే. అయితే కమిటీ లెటర్ ఇవ్వనిదే తోట గేటు తాళం తీయరు.

లెటర్ పట్టుకుని సెక్రటరీ శ్రవణ్‌కుమార్ పదకొండింటికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో ఫైలు.

“వందనాలమ్మా. దేవుని చిత్తం, ఏం జేస్తం.”

“లెటర్ తెచ్చినరా అంకుల్?”

“తెచ్చిన. ముందుగాల గిది జూడు.”

ఆయన ఇచ్చింది వేరే కాగితం. ‘మా తండ్రి ఎల్లేష్ గారు న్యాయస్థానములో సంఘమునకు విరోధముగా అబద్ధ సాక్ష్యము పలికియున్నారు. అందు నిమిత్తము కుటుంబముగా పశ్చాత్తాపపడుచున్నాము.’ కింద రెండు సంతకాలకు చోటు. ఒకచోట అన్న అనురాగ్ అప్పటికే గీకేశాడు.

సంగతి తొమ్మిదేళ్లనాటిది. చర్చి కాంపౌండ్ గోడ మూడడుగులు సందులోకి వచ్చిందని ఎదురింటి షౌకత్ బీ కేసు వేసింది. గోడ కట్టింది ఎల్లేషే, పైగా సంఘ పెద్ద. ఇంతకంటే మంచి సాక్షి దొరకడనుకుని చర్చి ఆయన్నే నయాపూల్ కోర్టుకు తీసుకెళ్లింది. పాత పునాది మీదే కట్టానని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆయన బోనెక్కి, “కమిటీ చెప్తే గోడ కొలత దారం మూడడుగులు ముందటికి గుంజి కట్టిన. తప్పు నాది గూడ” అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరూ అడగకుండానే, “ఎదురింటోళ్ల మెట్లు గూడ నేనే కట్టిన. గవి అడుగున్నర సందులకే ఉన్నయ్” అని కలిపాడు.

తీర్పు వచ్చాక ఒకే వారంలో గోడా కూల్చేశారు, మెట్లూ కూల్చేశారు. సంఘం ఆయన పెద్దరికం తీసేసింది. షౌకత్ బీ సలాం మానేసింది. ఇలా నోరు జారే మేస్త్రీకి బస్తీలో పని ఇచ్చేవాళ్లు కరువయ్యారు.

ఇంట్లోవాళ్లకైనా మినహాయింపు ఇచ్చాడా అంటే అదీ లేదు. సువార్త రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించింది. అమీర్‌పేటలో సగం మంది చేసే పనే. మూడో నెలలో వివరాలు సరిచూసుకోవడానికి కంపెనీ వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు. ఎత్తింది ఆమె బాపు ఎల్లేషే. “పని జేసుడా? లేదు సార్, మా పిల్ల రెండేండ్లు ఇంట్లనే ఉన్నది” అన్నాడు. ఉద్యోగం సాయంత్రానికి పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆమె బాపుతో అన్నం పెట్టేటప్పుడు తప్ప మాట్లాడలేదు.

“సంతకం పెట్టు చెల్లె,” అన్నాడు అనురాగ్. “నాలుగు లైన్లు. చచ్చినాయనకు తెలుస్తదా?”

“చదివినవా అన్నా?”

“చదివిన. అమ్మ పక్కన పండుకోవద్దా బాపు? ఆయన సత్యంతోటి మనం ఏం బాగుపడ్డం? నీ నౌకరి పోయె, నాకు ఏ మేస్త్రీ పని ఇయ్యకపాయె. వచ్చే నెల మా పిల్లకు బాప్తిస్మం. గీ లొల్లి ఇయ్యాలతోటి ఒడగొట్టు.”

సువార్తకు పెద్ద అభ్యంతరమేమీ కనిపించలేదు. పోయినాయనకు పరువు గురించి ఫికర్ ఉండదు, అమ్మకు తోడుంటుంది. పెన్ను తీసుకుంది.

అప్పుడే షౌకత్ బీ గుమ్మంలోకి వచ్చింది. చేతికర్ర తాటిస్తూ బాక్స్ దాకా నడిచి, అద్దంలోంచి ఎల్లేష్ ముఖం చూసింది.

“ఏడ్వనీకి రాలే. నిజంగ పోయిండా లేదా చూద్దామని వచ్చిన,” అంది. తర్వాత కాగితం మీదికి వంగింది. “ఏంది గది?”

“మా సంఘం విషయం. నీకెందుకు?” అన్నాడు శ్రవణ్‌కుమార్.

“సంఘం నీది, సందు నాది. చదువు బేటీ.”

సువార్త చదివింది. షౌకత్ బీ నవ్వింది గానీ అది మంచి నవ్వు కాదు.

“ఝూటా? ఈయన? అరే, ఈ ముసలోడు ఝూట్ ఆడేటోడైతే నా మెట్లు ఇయ్యాల గూడ ఉండేటియి. తొమ్మిదేండ్ల సంది గడప దిగాల్నంటే నా మోకాళ్లు ఏడుస్తున్నయ్. రోజు తిట్టుకుంట దిగుత. మస్తు తిట్టిన. గాని ఝూటా అని ఒక్కసారి గూడ అనలే. నోరెట్లొచ్చింది మీకు?”

శ్రవణ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు. “టైం అయితున్నదమ్మా.”

“అంకుల్, దారం ముందటికి గుంజుమన్నది ఎవరు?”

“గవన్నీ ఇప్పుడెందుకు?”

“మీరేనా?”

“నేనొక్కన్నేనా? అందరం గలిసి సంఘం మంచికే చెప్పినం.”

సువార్త పెన్ను కాగితం మీద పెట్టేసింది. “మా బాపు మొండోడు. ఇంట్లోళ్ల కష్టం చూడలే. నా నౌకరి తీయించిండు. గివన్నీ రాయుండ్రి, ఇప్పుడే సంతకం పెడ్త. అబద్ధం ఆడిండని మాత్రం రాయకుండ్రి. ఆయనకు గది చేతగాలే.”

“అయితే లెటర్ లేదు,” అన్నాడు శ్రవణ్‌కుమార్. ఫైలు మూసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అనురాగ్ కుర్చీని కాలితో తన్నాడు. షౌకత్ బీ ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. కర్ర తాటించుకుంటూ వచ్చిన దారినే పోయింది.

సువార్త గంటసేపు ఫోన్లు చేస్తే ఊరి చివర సర్కారు ఇచ్చిన క్రైస్తవ శ్మశానంలో చోటు దొరికింది. పాస్టర్ కూడా ఫోన్‌లోనే దొరికాడు. బక్కపలచని కుర్రాడు, ఎల్లేష్‌ను ఎన్నడూ చూడనివాడు. ప్రార్థనకు ముందు, “అయ్యగారి గురించి ఏం చెప్పమంటారు?” అని అడిగాడు.

అనురాగ్ ముఖం తిప్పుకున్నాడు.

“మేస్త్రీ,” అంది సువార్త. “కట్టింది కట్టినట్టు చెప్పిండు.”

అంతేనా అన్నట్టు చూశాడు పాస్టర్. అంతే. ప్రార్థనలో పాస్టర్ కూడా అంతే చెప్పాడు. తవ్విన మట్టి తిరిగి పోయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆటోలో తిరిగొచ్చేటప్పుడు అనురాగ్ పత్తర్‌గట్టి మలుపులో దిగుతూ, “అమ్మను ఒక్కదాన్ని జేసినవ్. అచ్చం ఆయనే నువ్వు. థూ,” అని వెళ్లిపోయాడు.

బీపీ, షుగర్ ఎవరి నుంచి వచ్చాయో చెప్పడానికి పరీక్షలున్నాయి. అబద్ధం ఆడలేని ఈ జబ్బు తనకు ఎప్పుడు అంటుకుందో సువార్తకు అర్థం కాలేదు. వద్దన్నా పోయేది కాదని మాత్రం అర్థమైంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉండే ఉంటారు, బతికున్నన్నాళ్లూ మీకు ఊపిరాడనివ్వని మనిషి. వాళ్లు మీలో ఏం వదిలి వెళ్లారో నాకు రాసి పంపండి. పొగడక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.