కంచె మీదుగా వెళ్ళిన బంతి

మా ఊళ్ళో మంచు కరిగిందంటే మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ పోరు మొదలవుతుంది. జింకతోలు బంతి. మగవాళ్ళు దాన్ని కాలితోనే తన్నాలి, చెయ్యి తగలకూడదు. ఆడవాళ్ళం చేత పట్టుకుని పరిగెత్తవచ్చు, విసరవచ్చు, అడ్డొచ్చిన మగవాణ్ణి నడుం పట్టుకుని కింద పడేయవచ్చు. వాళ్ళు మమ్మల్ని పట్టుకోకూడదు. ఇది అన్యాయమని మా అన్న హొపోకన్ ఊహ తెలిసినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. వాగు పక్క మైదానంలో ఆ చివర మా గుంజలు రెండు, ఈ చివర వాళ్ళ గుంజలు రెండు. బంతి ఎదుటివాళ్ళ గుంజల మధ్య నుంచి దాటిస్తే ఒక లెక్కపుల్ల. స్ట్రాబెర్రీలు పండి అయిపోయేవరకే ఆట. ఆ తరువాత మళ్ళీ వసంతం దాకా బంతి ముట్టుకోం.

ఆ ఏడు మా ఇంట్లో కొత్త బంతి ఉంది. నా కూతురు కుట్టింది. ఆమె పేరు చెప్పను. పోయినవాళ్ళ పేరు మేం పలకం. సముద్రం అవతలి తెల్లవాళ్ళ ఓడలతో పాటు వచ్చిన మచ్చల జబ్బు రెండు చలికాలాల కిందట ఊళ్ళో చాలామందితో పాటు ఆమెనూ తీసుకుపోయింది. ఆ తరువాతి వసంతంలో ఎవరూ ఆడలేదు. బంతి మూలికల బుట్ట పక్కన వేలాడుతూ ఉండిపోయింది. ఆమెది ఎడమచేతి వాటం, కుట్టంతా ఒక పక్కకి వాలి ఉంటుంది. దాని మీద ఇంతవరకు ఒక్క కాలి దెబ్బ పడలేదు. ఈసారైనా దానితో ఆడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

బంతి తీసుకుని వెళ్ళి చూస్తే మైదానం మధ్యలో కంచె ఉంది.

ఆకులు రాలే కాలంలో ఎస్కిల్ అనే స్వీడన్ మనిషి, భార్య మాలిన్‌తో వచ్చి మా పెద్దమ్మ ముందు ఒక రాగి కుండ, ఎర్రగుడ్డ పెట్టాడు. పెద్దమ్మ మా తాబేలు వంశానికి పెద్ద. నేల విషయంలో మాట ఆమెదే. చలి ముంచుకొస్తున్నప్పుడు వచ్చారు పాపం, ఇక్కడ విత్తుకుని తినండి అని మైదానం అంచు చూపించింది. మా దృష్టిలో అది పక్కన కూర్చోమని చోటివ్వడం. అతను మాత్రం నేల తనదైపోయిందనుకున్నాడు. చలికాలమంతా చెట్లు కొట్టి ఇల్లు కట్టాడు, కంచె వేశాడు. మా గుంజలు కంచెకు అవతల ఉండిపోయాయి. రేపోమాపో అక్కడంతా దున్నుతాడని కూడా విన్నాం.

"పీకి పారేద్దాం పెద్దమ్మా," అన్నాడు హొపోకన్.

"చేతులు బొబ్బలెక్కేలా వేసుకున్నాడురా. ఉండనీ. మీరు ఆడండి."

"మధ్యలో కంచె పెట్టుకుని ఎట్లా ఆడతాం?"

"దూకి."

"మరి బంతో?"

"మీరు తన్నండి. వీళ్ళు విసురుతారు."

ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. హొపోకన్ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అది అతని ఛాతీ దాకా వచ్చింది.

"ఇంత ఎత్తు మీంచి తన్నాలా? ఇదేం న్యాయం?"

"చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని నీ కాళ్ళ గురించి చెప్పావుగా అన్నా," అన్నాను. "ఇప్పుడు చూపించు."

చాలా రోజుల తరువాత నేను వేళాకోళం ఆడటం అదే. అన్న నా వంక చూసి, నా చేతిలో బంతి చూసి, గోచీ బిగించుకున్నాడు.

పెద్దమ్మ లెక్కపుల్లలు ముందేసుకుని దుప్పటి మీద కూర్చుంది. బంతి నేనే పైకి ఎగరేశాను. అది కింద పడకముందే ఎవరో అందుకున్నారు, ఎవరో అరిచారు, ఇక దాన్ని చూసుకునే తీరిక లేకపోయింది.

మగవాళ్ళు ఎంత తన్నినా బంతి కంచె కొయ్యలకు తగిలి వాళ్ళ మొహాల మీదికే వచ్చింది. మేం సునాయాసంగా మీదుగా విసిరి, దూకి, ఇవతల అందుకున్నాం. ఇద్దరు ముసలాళ్ళు దూకబోయి కంచె మీదే చిక్కుకున్నారు.

"అట్లాగే ఉండండి మామా, మిమ్మల్ని చూసి కాకులు రావు," అంది ఒకామె.

"పెద్దమ్మా, నువ్వు వాళ్ళకి రెండేసి పుల్లలు పెడుతున్నావ్," అన్నాడు హొపోకన్.

"కళ్ళు కనపడవురా నాకు," అంది పెద్దమ్మ, ఇంకో పుల్ల మా వైపు గుచ్చుతూ.

చివరికి హొపోకన్ వెనక్కి పోయి పరిగెత్తుకొచ్చి ఒక్క తన్ను తన్నాడు. బంతి కంచె దాటింది, మా గుంజల పక్కనుంచి పోయింది, ఎస్కిల్ గుమ్మంలో పడింది. అక్కడ మాలిన్ నిలబడి ఉంది. చలికాలమంతా ఆమె ఎవరితో మాట్లాడగా నేను చూడలేదు. వంగి బంతి తీసుకుంది. ఆడదే కదా, తీసుకోవచ్చు.

"పరిగెత్తు!" అన్నాం అందరం. మా భాష ఆమెకు రాదు. కానీ ఎదురుగా అంతమంది మగవాళ్ళు వస్తుంటే ఏం చేయాలో ఆమెకు అర్థమైంది. లంగా ఎత్తిపట్టుకుని, బంతి చంకలో పెట్టుకుని పరుగు తీసింది.

"ఎస్కిల్! ఆపు! నువ్వు మా వైపు," అని చేతులూపాడు హొపోకన్.

పార పట్టుకుని నిలబడ్డ ఎస్కిల్‌కి ఏం తోచిందో, పార పడేసి భార్యకు అడ్డంగా వెళ్ళి రెండు చేతులతో బంతి లాక్కున్నాడు. మైదానం మొత్తం ఘొల్లున నవ్వింది.

"చేత్తో పట్టాడు! ఆడదైపోయాడు," అంది పెద్దమ్మ. "రామ్మా, ఇటు వచ్చి మా వైపు ఆడు."

అతనికి అర్థమయ్యేలోపు మాలిన్ అతని నడుం పట్టుకుని బురదలో కూలదోసింది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. బంతి తీసుకుని, కంచె ఎక్కి దిగి, మగవాళ్ళ గుంజల మధ్య నుంచి దాటి, అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

సాయంత్రం పెద్దమ్మ ఎస్కిల్‌కి కాల్చిన చేప, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఇది ఎన్నాళ్ళు అని అతను సైగ చేశాడు. పెద్దమ్మ ఒక స్ట్రాబెర్రీ పువ్వు తుంచి, పండు తిన్నట్టు నోరాడించి, వట్టి చేతులు చూపింది. అతను భార్య మొహం చూశాడు. మర్నాడు మేం వెళ్ళేసరికి మైదానానికి అడ్డంగా ఉన్న కొయ్యలు తీసి పక్కన పేర్చి ఉన్నాయి. అతను వాగు వైపు దున్నుతున్నాడు.

తరువాత ఇంకెన్నో కంచెలు వచ్చాయి. అన్నీ ఎస్కిల్ వేసినవి కావు. మేం నది ఎగువకు జరిగాం, అక్కడ కొత్త గుంజలు పాతుకున్నాం. బంతి మాతోనే వచ్చింది.

ఆ మొదటి రోజు బంతి కుట్టు ఒకచోట విడిపోయి, లోపలి జింకవెంట్రుకలు బయటికొచ్చాయి. మాలిన్ ఇనుప సూది తెచ్చి చెయ్యి చాచింది. చాలాసేపు ఇవ్వలేకపోయాను. తరువాత ఇచ్చాను. ఆమె తిన్నగా కుట్టబోతుంటే ఆపి, సూది ఎడమచేతిలో పెట్టి, వాలు చూపించాను. నాలుక కొరుక్కుంటూ కుట్టింది, వంకరటింకరగా.

"ఎవరు కుట్టారిది?" అన్నాడు హొపోకన్ మర్నాడు, ఆ చోట వేలితో తడిమి. "ఏదో చిన్నపిల్ల కుట్టినట్టుంది."

"నేర్చుకుంటోంది," అన్నాను. "నువ్వు కంచె లేకుండా అయినా తన్నగలవేమో చూద్దాం, పద."