స్పాంజిలు కడిగే చెయ్యి

మూడు రోజులకొకసారి పొద్దున్నే, ముందుగదిలో ఉన్న సముద్రపు చేపల తొట్టి కింది తలుపు తీసి, వడపోత పెట్టెలోంచి రెండు స్పాంజిలు బయటికి లాగేదాన్ని. చేపల మలం, మిగిలిన మేత, నాచు తుంపులు పట్టి అవి బరువెక్కి ఉండేవి. తొట్టిలోంచే బేసిన్‌లోకి ఉప్పునీళ్ళు తోడుకుని, ముంచి, పిండి, నీళ్ళు టీ రంగుకు తిరిగితే పారబోసి మళ్ళీ తోడుకోవాలి. కుళాయి నీళ్ళు తగలకూడదు. సబ్బు అసలు తగలకూడదు. ఆలస్యమైతే స్పాంజిలో పట్టిందంతా కుళ్ళి నీళ్ళు విషమవుతాయి. ఇవన్నీ నా భర్త ప్రసోజో నేర్పినవే. నేర్పాక అతను మళ్ళీ ఆ తలుపు తీయలేదు. మేత వేయడం, ఎవరైనా వస్తే సోఫాలో కూర్చుని చేపల పేర్లు చెప్పడం అతని వంతు. తొట్టిలో పోసే నీళ్ళలో నేను ఉప్పు కలుపుతుంటే అత్తగారు, "తొట్టికైతే కొలత తెలుస్తుంది. మా పులుసులోకొచ్చేసరికి మర్చిపోతుంది" అనేవారు.

నాకు వేరే పని కూడా ఉండేది. సురబాయాలో పెళ్ళికూతుళ్ళు తొడుక్కునే కెబాయా రవికెలకు పూసలు కుట్టేదాన్ని. మేమంతా బు, అంటే అమ్మ, అని పిలిచే వినార్సి గారి దుకాణంలో, గీత గీయకుండా మల్లెతీగ కుట్టగలిగేది నేనొక్కదాన్నే. నా వేళ్ళ చివర్లు ఎప్పుడూ సూది గాట్లతో ఉండేవి. ఉప్పునీళ్ళలో పెడితే భగ్గుమనేవి. చేతి తొడుగులు కొనమని ఒకసారి అడిగాను.

"ఆపరేషనేమైనా చేస్తున్నావా దిక్? ఆ రబ్బరు తొట్టిలో పగడాలకి పడదు. ఉప్పునీళ్ళు గాయాలకి మంచివేలే" అన్నాడు ప్రసోజో నవ్వుతూ. పెళ్ళయిన కొత్తలో, మా జావాలో భర్తలు పిలిచినట్టే, దిక్, అంటే చెల్లీ, అని ముద్దుగా పిలిచేవాడు. తర్వాత పని చెప్పడానికి ముందు మాత్రమే పిలిచేవాడు. నేను అతన్ని మాస్, అంటే అన్నా, అనేదాన్ని.

కుడిచేతి చూపుడువేలి కణుపు మీద ఎర్రటి గడ్డ లేచింది. పూసలు కుట్టీ కుట్టీ తెచ్చుకున్నదే అన్నారు అత్తగారు. నాలుగు నెలలు పసుపు, మందుల షాపువాడిచ్చిన పూత రాసుకున్నాను. ఆ గడ్డ పగిలి, దాని వెనకే మణికట్టు మీద ఇంకొకటి, మోచేతికి వెళ్ళే దారిలో మరో రెండు లేచాయి. ఒకరోజు సూది పట్టుకుంటే జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. సగం కుట్టిన రవికె మడిచి బు వినార్సి గారికి తిరిగిచ్చేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి చూసి అడిగిన మొదటి మాట, ఇంట్లో చేపలున్నాయా అని. ఆ నీళ్ళలో బతికే సూక్ష్మజీవి గాట్లలోంచి లోపలికి దిగిందట. ఆరు నెలలు మందులు వాడాలి, పుండ్లు మానతాయి, వేలు మాత్రం పూర్తిగా వంగకపోవచ్చు. ప్రసోజో కుర్చీ ముందుకు జరిపాడు.

"డాక్టర్, ఈవిడ నుంచి చేపలకి అంటుకుంటుందా?"

"చేపల తొట్టి నుంచే ఈవిడకి వచ్చింది" అని ఆవిడ మందులచీటీ నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రం ప్రసోజో మోచేతిదాకా వచ్చే తొడుగులు రెండు జతలు తెచ్చాడు. ఒక్క క్షణం నా మనసు కరిగింది. "ఆ పుండు నీళ్ళకి తగలనివ్వకు" అంటూ బల్లమీద పెట్టి మేత వేయడానికి వెళ్ళాడు. అత్తగారు నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. వంట ముట్టుకోవద్దన్నారు. స్పాంజిల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వేలు కట్టెలా బిగుసుకుపోయింది. ఎడమచేత్తో పిండటం నేర్చుకున్నాను.

ఒక ఆదివారం అతని స్నేహితులు తొట్టి చూడటానికి వచ్చారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయని మెచ్చుకుని, ఏం చేస్తావని అడిగారు. "స్పాంజిలు నా చేత్తో నేనే కడుగుతా. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వను" అన్నాడు ప్రసోజో. నేను కాఫీ గ్లాసులు అందిస్తున్నాను. ఒకాయన నా చేతికట్టు చూసి గ్లాసు అందుకోలేదు.

మర్నాడు ప్రసోజో ఉద్యోగం పనిమీద తొమ్మిది రోజులకు మకస్సర్ వెళ్ళాడు. నేను బు వినార్సి గారి దుకాణానికి వెళ్ళి, కుట్టలేను గానీ నేర్పగలను అన్నాను. ముగ్గురు ఆడపిల్లలున్నారు, రేపట్నుంచి రమ్మన్నారావిడ. స్పాంజిలు కడగాల్సిన రోజు తొట్టి కింది తలుపు తీసి చూశాను. మూసేసి, బట్టలు మార్చుకోకుండానే దుకాణానికి నడిచాను.

ఐదోరోజుకు నీళ్ళు మబ్బేశాయి. చేపలు ఆకలిగా ఉన్నాయని అత్తగారు గుప్పిళ్ళతో మేత వేశారు. మరీ పాడైపోతున్నాయి, కడగవా అని నన్నడిగారు. తను వంగలేనన్నారు. ఫోనులో ప్రసోజో చేపలెలా ఉన్నాయని అడిగితే, ఉన్నాయన్నాను. స్పాంజిలు పూడుకుపోయి నీళ్ళు కదలడం మానేశాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నన్ను చూస్తే అద్దం దగ్గరికి ఈదుకొచ్చే పసుపుపచ్చ చేప అన్నిటికంటే ముందు పోయింది. దాన్ని నేనే తీశాను. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావీ పోయాయి.

తొమ్మిదోరోజు ప్రసోజో సంచీ గుమ్మంలోనే వదిలేసి తొట్టి ముందు కూలబడ్డాడు. అతను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"అవి నీకేం చేశాయి దిక్?"

"ఏం చేయలేదు మాస్."

నిజంగానే ఏమీ చేయలేదు. అది నాకు తెలుసు. తొమ్మిది రోజులూ ప్రతి పొద్దున్నా వాటి ముందు నిలబడి, తెలిసే, చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.