ముందు ఇచ్చిన కాగితం

శౌరయ్య చెయ్యాల్సిన పనులు ఇవి. గవర్నర్‌పేటలో ఏ పార్టీ వాళ్లదీ కాని లాడ్జి చూసి మీటింగు హాలు మాట్లాడాలి. బల్లకు ఇటు ఆరు, అటు ఆరు కుర్చీలు వేయించాలి, అన్నీ ఒకే ఎత్తువి. ఫ్లెక్సీ మీద నిచ్చెన గుర్తూ తెడ్డు గుర్తూ స్కేలు పెట్టి కొలిచినా తేడా రాకూడదు. ఒక నాయకుడు నవ్వుతున్న ఫొటో వేస్తే రెండోవారిదీ నవ్వుతున్న ఫొటోనే వెతకాలి. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయించాలి, ముందు తెడ్డు పార్టీ వాళ్లవి. చివరగా, ఉమ్మడి తీర్మానం టైపు చేయించి నాలుగో అంశం రెండుసార్లు సరిచూసుకోవాలి.

నాలుగో అంశం పేరమ్మ గురించి. మొన్నటి మండల ఎన్నికల్లో ప్రతిపక్షానికి ద్రోహం చేసినందుకు పల్లెపాలెం కార్యకర్త పేరమ్మను తెడ్డు పార్టీ తనలోంచి తొలగించాలి. అది నిచ్చెన పార్టీ పెట్టిన షరతు. పెట్టించింది శౌరయ్య.

ఆ ఎన్నికల్లో రెండు పార్టీలూ విడివిడిగా నిలబడి ఓడిపోయాయి. ఇద్దరి ఓట్లు కూడితే అధికార పక్షం కన్నా ఎక్కువే. కూడినవాళ్లెవరు? అందుకే ఇప్పుడు పొత్తు. శౌరయ్యది పామర్రు. నిచ్చెన పార్టీ తరఫున సముద్రం వైపు మండలాలు చూసేది ఆయనే. పల్లెపాలెంలో నిచ్చెనకు తొంభై ఓట్లు ఖాయమని పార్టీకి రాసిచ్చాడు. వచ్చినవి పద్నాలుగు. ఏమైందని పెద్దలు నిలదీస్తే, "పేరమ్మ మనవాళ్లను కూడా తిప్పేసిందండి. అమ్ముడుపోయింది" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నిజంగానే నమ్మాడు. నమ్మడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం ఎవరికీ చెప్పుకోలేడు.

పోలింగుకు నాలుగు రోజుల ముందు శౌరయ్యా పేరమ్మా పైవాళ్లకు తెలియకుండా ఒక మాట అనుకున్నారు. ఓటరుకు రెండు కాగితాలిస్తారు. ఊరి సీటుకు గులాబీది, మండలం సీటుకు తెల్లది. ఆ ఊళ్లో రెండు పార్టీల వాళ్లూ గులాబీ మీద తెడ్డుకు, తెల్లదాని మీద నిచ్చెనకు గుద్దాలి. ఊరు మీకు, మండలం మాకు. ఈ సంగతి బయటపడితే ఇద్దరినీ వాళ్ల వాళ్ల పార్టీలు గెంటేస్తాయి. అందుకని ఆమె గంగమ్మ మీద, ఆయన మరియమ్మ మీద ఒట్టేసుకున్నారు. తీరా లెక్కింపులో తెల్ల కాగితాల బల్ల దగ్గర నిలబడి శౌరయ్య ఆ పద్నాలుగూ చూశాడు. ఆ రోజు నుంచీ పేరమ్మ పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండుతుంది.

మీటింగు మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. అవతలివాళ్లు తాగాకే ఇవతలివాళ్లు కాఫీ ముట్టుకున్నారు. మొదటి మూడు అంశాలూ గడిచాయి. నాలుగోదాని దగ్గర తెడ్డు పార్టీ కన్వీనరు దుర్గాప్రసాద్ కలం పక్కన పెట్టాడు.

"మనిషిని అడక్కుండా తీసెయ్యడం మా దగ్గర లేదండి. ఆవిడ బయటే ఉంది. పిలుస్తాను."

పేరమ్మ లోపలికొచ్చింది. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడ్డ మనిషి, నిటారుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమ్మా, ఎంతకి అమ్ముకున్నావ్?" అంది నిచ్చెన పార్టీ జిల్లా అధ్యక్షురాలు రామతులసి.

"చేపలైతే రేటు చెబుతానండి. ఓట్లు నేనమ్మలేదు."

దుర్గాప్రసాద్ జేబులోంచి మండలాఫీసు ఇచ్చిన ఫలితాల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఆవిణ్ణి తర్వాత అడుగుదురుగాని, ముందు మీరు నాకు చెప్పండి మేడమ్. గులాబీ కాగితాల్లో మాకు పదిహేడు. ఊరి సీటుకు మీరు నిలబెట్టిన కిరీటికి మూడొందల తొంభై ఆరు. మా పల్లెలో మీకన్ని ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కొన్నది మీరేనా?"

రామతులసి తెల్లబోయింది. "కిరీటి చెబుతూనే ఉన్నాడు, అంతా నా మొహం చూసి వేశారని. వాడు పది చేపలు పడితే నూరంటాడు కదా అని మేం నమ్మలేదు."

"ఆ మొహానికా మూడొందల తొంభై ఆరు!" అన్నారెవరో. రెండు వైపులా నవ్వారు. ఆ మధ్యాహ్నం రెండు పార్టీలూ ఏకమైంది ఆ ఒక్కసారే.

శౌరయ్య నవ్వలేదు. కాగితం తనవైపు లాక్కున్నాడు. తెల్లవి: నిచ్చెనకు పద్నాలుగు, తెడ్డుకు నాలుగొందల రెండు. గులాబీవి: తెడ్డుకు పదిహేడు, నిచ్చెనకు మూడొందల తొంభై ఆరు. ఓడిన పార్టీ తన అంకెలే చూసుకుంటుంది. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడటం ఆయనకిదే మొదలు. ఓట్లు ఎక్కడికీ పోలేదు. అన్నీ ఉన్నాయి, అటువి ఇటు, ఇటువి అటు.

పామర్రులో నమూనా బ్యాలెట్లు జిరాక్సు తీయించింది తనే. రంగు కాగితం దొరక్క రెండూ మామూలు కాగితం మీదే తీయించాడు. రెండూ ఒకేలా ఉన్నాయని పేరమ్మ అంటే, "రంగుతో పనేముంది? ముందిచ్చేది తెడ్డుకి, తర్వాతిచ్చేది నిచ్చెనకి. అలా నేర్పు, ముసలాళ్లకీ గుర్తుంటుంది" అన్నదీ తనే. ఊరిదే ముందిస్తారని తనకు తానే అనేసుకున్నాడు. ఎవరినీ అడగలేదు.

"పేరమ్మా," అన్నాడు, "ఆ రోజు బూత్‌లో ముందు ఏ కాగితం ఇచ్చారు?"

"తెల్లదండి."

రామతులసి కళ్లు చిట్లించింది. "అదెందుకు శౌరయ్యా?"

బల్ల చుట్టూ ఉన్న కళ్లన్నీ ఆయన మీద పడ్డాయి. చెబితే ముప్పై ఏళ్ల పార్టీ పోతుంది. పేరమ్మ మాత్రం ఆయన వైపు చూడలేదు, గోడనున్న ఫ్లెక్సీ చూస్తోంది.

"ఊరికే మేడమ్," అన్నాడు శౌరయ్య.

దుర్గాప్రసాద్ పేరమ్మ వైపు తిరిగాడు. "నువ్వేమైనా చెప్పుకుంటావా?"

"నేను చెయ్యాల్సింది చెప్పినట్టే చేశానండి. నా ఒక్కదాని పేరు రాస్తే మీరు కలుస్తారా?"

దుర్గాప్రసాద్ పక్కన పెట్టిన కలం మళ్లీ తీసుకున్నాడు.

"అయితే రాసుకోండి. మళ్లీ ఇలా చెరోవైపు నిలబడకండి."

ఆమె వెళ్లింది. సంతకాలయ్యాయి. అందరూ ఫొటోకు లేస్తుంటే శౌరయ్య మెట్లు దిగి పరుగున వెళ్లాడు. ఆమె ఆటో కోసం నిలబడి ఉంది.

"తప్పు నాది పేరమ్మా."

"తెలుసండి. మొదటి ముసలమ్మ చేతిలో తెల్లది పెట్టినప్పుడే అంతా తారుమారైందని అర్థమైంది. ఏజెంటుగా లోపల కూచున్నాను, నోరు తెరిస్తే గెంటేస్తారు. సాయంత్రం దాకా అలా చూస్తూ కూచున్నాను."

"మరి ఇంతకాలం చెప్పలేదేం?"

"ఒట్టేశాం కదండీ." ఆటో వచ్చి ఆగింది. ఎక్కి కూర్చుని అంది, "మీరేమైనా అంటారేమోనని ఇందాక కాసేపు ఫ్లెక్సీ చూస్తూ నిలబడ్డాను."

శౌరయ్య పైకెళ్లాడు. ఫొటోలో ఎడమ నుంచి మూడోవాడు ఆయనే, పైకెత్తిన చెయ్యి అందరికన్నా ఎత్తుగా ఉంటుంది.

మర్నాడు పేపర్లన్నింటిలో ఆ ఫొటో వచ్చింది. ద్రోహం చేసిన ఒక కార్యకర్తను తొలగించారని కింద చిన్న అక్షరాల్లో రాశారు, పేరు కూడా వెయ్యలేదు. ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఆయన చెప్పే రకం కాదు. అందుకని మీకు చెబుతున్నాను. ఆ పొత్తు రేపు గెలిస్తే, మెడలో దండలతో వాళ్లు మీ వీధిలోకి వస్తే, చేతులూపండి, తప్పులేదు. కానీ పల్లెపాలెం పేరమ్మను ఒక్కసారి గుర్తు చేసుకోండి.