నీలి దీపాల పెట్టె దగ్గర నోరీన్

నోరీన్ రాగి పలక మీద గీతలున్న ఫిల్మును సరిచేసి, పైన గాజు అద్దం పెట్టి, దీపాల పెట్టెను దాని మీదికి జరిపింది. మీట నొక్కగానే అంచుల సందుల్లోంచి నీలి వెలుగు బయటికి వచ్చింది. ఆమె ముఖం తిప్పుకుంది. ఆ వెలుగు కళ్ళకు మంచిది కాదు. ముఖం తిప్పుకుంటే తనతో పనిచేసే మెర్ల్ కనిపిస్తాడు. అదీ మంచిది కాదు.

గోళ్ళకు రంగులు వేసే సెలూన్ ఒకటి మూతపడితే, ఆమె యజమాని డ్వైట్ అక్కడి దీపాలు ఏరుకొచ్చి ఆ పెట్టె చేయించాడు. ఎవరెవరి గోళ్ళ నుంచో కారిన గులాబీ జిగురు ఇంకా మూలల్లో గడ్డకట్టి ఉంది. దీపాలు వేడెక్కితే అందులోంచి ముక్కిపోయిన తీపి వాసన వస్తుంది.

టొలీడో ఊళ్ళో, పొడుగాటి లేన్ల మీద బంతి దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే పాత బౌలింగ్ హాలు వెనక, కిటికీ లేని ఆ గదిలో ఆమె పని ఇదే. పడిన పిన్నులను మళ్ళీ నిలబెట్టే యంత్రాలకు సర్క్యూట్ బోర్డులు ఇప్పుడెవరూ అమ్మడం లేదు. ఒకటి కాలిపోతే కొత్తది ఇక్కడే పుట్టాలి. మెర్ల్ గీతలు గీసి ఫిల్ము తయారుచేస్తాడు. నోరీన్ పలకకు వెలుగు చూపి, మందునీళ్ళలో వేస్తుంది. వెలుగు తగిలిన చోట పైపూత కరిగి ఊదారంగు పొగలా నీళ్ళలో కలిసిపోతుంది. గీతల నీడ పడిన చోట నిలుస్తుంది. సమయానికి బయటికి తీయకపోతే అదీ కరిగిపోతుంది. ఆ తరవాత మెర్ల్ దాన్ని తన తొట్టిలో ముంచితే, గోధుమరంగు ద్రవం గీతలను వదిలి మిగిలిన రాగినంతా తినేస్తుంది. తొట్టి అంటే డ్వైట్ తల్లి ఒకప్పుడు మాంసం కాల్చిన గాజు పళ్ళెం.

మెర్ల్ వేళ్ళు ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటాయి. దవడన పొగాకు పెట్టుకుని కాఫీ కప్పులోకి ఉమ్ముతాడు. మూతి చొక్కా చేతికి తుడుచుకుంటాడు. అతని పక్కన తినలేక నోరీన్ ఏళ్ళ తరబడి ఆటగాళ్ళకిచ్చే అద్దె బూట్ల అరల మధ్య నిలబడి తింటోంది. బూట్ల కంపే నయం.

"మళ్ళీ సింకులోనే కడిగావా తొట్టి? అందులో నేను కప్పు కడుక్కోవాలి."

"కప్పుకి కాస్త రంగొస్తుందిలే, నోరీన్ రాణీ."

"నీ మొహం. ఉమ్మేటప్పుడైనా అటు తిరుగు."

"అటు తిరిగితే నీ కోపం ఎట్లా చూసేది?"

మధ్యాహ్నం కాబోతుండగా అతను స్టూలు మీద నుంచి లేవబోయి ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పోసింది.

"కాస్త చెయ్యందించు. ఒళ్ళంతా పట్టేసినట్టుంది."

చాచిన చెయ్యి పగుళ్ళు తేలి, గోధుమరంగు పట్టి ఉంది. బొటనవేలికి పొగాకు రేక అంటుకుని ఉంది. నోరీన్ బల్ల వైపు తిరిగింది. గ్లవ్స్ డబ్బా ఖాళీ. సొరుగు లాగి వెతికి, ఒకటి దొరికితే వేలు వేలుగా తొడుక్కుంది. ఇటు తిరిగేసరికి మెర్ల్ గోడ పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు. ఆ గ్లవ్ వంక చూసి నవ్వాడు.

"వద్దులే. బండిలో కాసేపు నడుం వాలుస్తా."

ఆమె ఏడో లేన్ యంత్రానికి కావలసిన పలకను వెలుగు కింద పెట్టింది. అది కాగానే బయట ఎవరో అరిచారు.

అప్పటికే మెర్ల్ ప్రాణం పోయింది. అంబులెన్సు తొందరపడలేదు. చినుకుల్లో మంచు కలిసి పడుతోంది. స్ట్రెచర్ మీద నుంచి మెర్ల్ చెయ్యి జారి వేలాడుతుంటే, నోరీన్ వట్టి చేత్తో దాన్ని ఎత్తి దుప్పటి కింద పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. తన అరచెయ్యి చూసుకుంది. ఏమీ అంటలేదు.

డ్వైట్ జేబుల్లో చేతులు పెట్టుకుని మెర్ల్ బండిలోకి తొంగి చూశాడు.

"ఛీ, ఏం కంపు! పందిలాంటి మనిషి."

ఆ మాట నోరీన్ మనసులో ఎన్నిసార్లు అనుకుందో. ఇంకొకరి నోట వినగానే రోత పుట్టింది. అందులో డ్వైట్ మీద ఎంతో, తన మీద ఎంతో ఆమెకు తేలలేదు.

"సాయంత్రం పోటీలున్నాయి. ఏడో లేన్ ఆగిపోయుంది," అన్నాడు డ్వైట్. "తొట్టి పని కూడా ఇకనుంచి నువ్వే చూసెయ్, ఏం?"

"ఆ మనిషింకా వీధి మలుపు తిరగలేదు డ్వైట్."

"అయితే? దుకాణం మూసుకోమంటావా?"

నోరీన్ లోపలికి వచ్చింది. పలకను మందునీళ్ళలో వేసి అటూ ఇటూ ఊపింది. గీతలు బయటపడ్డాయి. మెర్ల్ పొద్దున గీసినవి. మూల వచ్చిన చోటల్లా మొండిగా తిరగకుండా, సుతారంగా వంగి వెళ్తున్నాయి. ఇన్నేళ్ళలో వాటిని పని అయిందా లేదా అని చూసిందే తప్ప, ఇలా చూడలేదు.

పలకను బయటికి తీయవలసిన సమయం అదే. ఆమె తీయలేదు. సింకులో చేతులు కడుక్కుంది. కోటు వేసుకుంది.

"అయిందా?" అన్నాడు డ్వైట్ గుమ్మంలోంచి.

"అయింది," అని అతన్ని దాటుకుని, వాన పడుతున్న దారిలోకి నడిచిపోయింది.

మందునీళ్ళ అడుగున పలక అలాగే ఉంది. ఒంపుల దగ్గర మొదలై గీతలు మెత్తబడుతూ, ఊదారంగు పోగులై ఒక్కొక్కటే పైకి తేలిపోతుంటే, కింద వట్టి రాగి మెరుస్తోంది.