నాలుగు వందల గ్రాముల నొప్పి

షట్టరు ఎత్తగానే ఏ షాపులోనైనా ముందు లైటు వేస్తారు. కాటాల మరమ్మతు షాపులో ముందు కాటా ఎక్కుతారు. గది మధ్యలో నేలకి ఆనుకుని ఉన్న పెద్ద ప్లాట్‌ఫారం కాటా మీద మేస్త్రి చెప్పులు విడిచి నిలబడేవాడు. డెబ్భై ఒకటి చూపిస్తే తల ఊపి దిగిపోయేవాడు. ఆయన తర్వాత గ్రాము ఎక్కేది. గ్రాము అంటే ఆ షాపులో పదేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి. చేరిన కొత్తలో ఒక తరాజులో వచ్చిన ఒక్క గ్రాము తేడా పట్టుకోడానికి రెండు రోజులు తిండీ తిప్పలూ మానేసి కూర్చుందని మేస్త్రి పెట్టిన పేరు అది. ఇప్పుడామెకి ముప్ఫై రెండు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గ్రాము బరువు యాభై రెండు కిలోలు. నెలలో ఇరవై నాలుగైదు రోజులు కాటా ఆ మాటే చెప్పేది. మిగిలిన రోజుల్లో యాభై మూడున్నర అనేది, యాభై నాలుగు అనేది, ఒక్కోసారి యాభై అయిదు కూడా దాటేది. పైన కలిసింది నొప్పి బరువు. అలాంటి రోజున మేస్త్రి గోడకున్న పలక దించి, సుద్దముక్కతో "గ్రాము: 2.1 తీసెయ్యాలి" అని రాసి మళ్ళీ తగిలించేవాడు. ఆ రోజంతా ఆమె ఎక్కి చూసిన ప్రతి కాటా దగ్గరా షాపువాళ్ళు రెండు కిలోల నూరు గ్రాములు తీసేసి చూసుకునేవాళ్ళు. వాన పడితే గొడుగు పట్టుకెళ్ళినంత మామూలుగా తీసేసేవాళ్ళు.

ఆ రోజుల్లో ఆమె సైకిలు వెనక టైరు నేలకి అతుక్కుపోయేది. ఇంట్లో మంచం కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే అమ్మ పక్కగదిలోంచే అడిగేది, "ఎంతే ఇవాళ?"

ఆ అడగడంలో కాస్త గర్వం ఉండేది. ఉన్నమాట చెప్పాలి కదా. వాళ్ళింటి ఆడవాళ్ళకి నొప్పి తరాల నుంచి వస్తున్న ఆస్తి. అమ్మమ్మది మూడు కిలోలట. ఆ మూడూ మోస్తూనే రోజుకి నూట యాభై బట్టలు ఇస్త్రీ చేసేదట. అమ్మది రెండున్నర. అమ్మ ముప్ఫై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టింది, నెలకి మూడు రోజులు ఆమె ఎక్కిన బస్సు ఒక పక్కకి ఒరిగే నడిచేది. నొప్పి మాత్రని చేతిరుమాలు మూల ముడివేసి జేబులో పెట్టుకోవడం, ఇక ప్రాణం పోయిందనుకున్నప్పుడే ఆ ముడి విప్పడం వాళ్ళింటి పద్ధతి. ముడి ఎంత ఆలస్యంగా విప్పితే అంత పరువు. "మా అమ్మాయి సాయంత్రం అయిదింటిదాకా ముట్టుకోలేదు తెలుసా!" అని అమ్మ పక్కింటావిడకి చెప్పుకుని పొంగిపోయేది.

గ్రామూ పొంగిపోయేది. కానీ ఆ పరువే ఆమెని పరీక్షలో రెండుసార్లు ముంచింది.

అది ముద్ర పరీక్ష. బాగుచేసిన కాటాకి సన్నటి తీగ కట్టి, ఆ తీగ మీద సీసపు బిళ్ళ పెట్టి పటకారుతో నొక్కుతారు. బిళ్ళ మీద నొక్కినవాళ్ళ నెంబరు పడుతుంది. ఈ కాటా నిజం చెబుతుంది, పూచీ నాది అని దాని అర్థం. పరీక్ష పాసైనవాళ్ళకి తప్ప ఆ పటకారు ఇవ్వరు. షాపులో అది మేస్త్రి ఒక్కడికే ఉంది. ఆయనకి కళ్ళు మసకబారి ఇంకో మూడు నెలల్లో పని మానుకుంటున్నాడు. పదేళ్ళుగా గ్రాము చేత్తో బాగైన ప్రతి కాటా మీదా ఆయన నెంబరే ఉంది. ఆమెకి తన నెంబరు కావాలి. జీవితంలో ఇంకేదీ ఆమె ఇంత గట్టిగా కోరుకోలేదు. మూడుసార్లకి మించి ఆ పరీక్షకి కూర్చోనివ్వరు.

పరీక్షలో ముందు కాటా నాలుగు మూలల మీదా తనే నిలబడి చూడాలి. నాలుగు చోట్లా ఒకే బరువు వస్తే కాటా మంచిది. తేడా వస్తే ఇరవై కిలోల ఇనప రాళ్ళు తెచ్చి అదే మూలల మీద పెట్టి నిర్ధారించుకోవాలి. ముందు మనిషి ఎక్కడం ఆ వృత్తిలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. మొదటిసారి, రెండో మూల నుంచి మూడో మూలకి అడుగు వేసేలోగా ఆమె నొప్పి కిలో నుంచి మూడు కిలోలకి ఎగబాకింది. రాళ్ళు ఎత్తే ఓపిక లేక, తప్పు కాటాదేనని రాసిచ్చి వచ్చేసింది. ఆ కాటా నిక్షేపంలా ఉందని తర్వాత తేలింది. రెండోసారి ముడి విప్పి మాత్ర వేసుకుంది, కానీ పరీక్ష గది గుమ్మంలో, ఖాళీ కడుపుతో. నొప్పి తగ్గలేదు సరికదా కడుపులో మంట కూడా తోడైంది. కాటా మీదే చతికిలబడింది. పరీక్ష తేదీ ఆఫీసు వేసేది, నెలసరి తేదీ ఒళ్ళు వేసేది. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే వారంలో వచ్చి కూర్చునేవి.

మూడోసారికి రెండు నెలలుందనగా మేస్త్రి ఒక నోటు పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పలక తుడిచే ముందు ప్రతిసారీ ఆయన అందులో ఎక్కించాడట. పద్నాలుగు నెలల నొప్పి, తేదీలతో సహా.

"ఇది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మా," అన్నాడు.

"వెళ్ళాను కదా మేస్త్రి గారూ, ఆరేళ్ళ కిందట. ఆడవాళ్ళన్నాక ఇది మామూలే అని పంపేశాడాయన."

"అప్పుడు నువ్వు నోటితో చెప్పావు. ఇప్పుడు తూకంతో చెప్పు. అప్పటికీ వినకపోతే నేనొస్తాను."

ఈసారి డాక్టరమ్మ. నడివయసు మనిషి, మాట కరుకు. ముందు కడుపు నొక్కి చూసింది, స్కానింగు చేయించింది, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది.

"మూడు కిలోల నొప్పితో పనికి వెళ్ళారా?"

"మా అమ్మమ్మ కూడా మూడు కిలోలతోనే..."

"అమ్మమ్మని నేనేమీ అనను. ఆవిడకి ఇంకో దారి లేదు. మీకుంది." డాక్టరమ్మ పుస్తకం మూసింది. "ఇది మామూలు నెలసరి నొప్పి కాదు. దీనికి ఎండోమెట్రియోసిస్ అని పేరుంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరుగుతోంది. నెలనెలా అక్కడ వాపు వస్తుంది. మీరు మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?"

గ్రాము కాస్త గొప్పగానే చెప్పింది, "ఇక లాభం లేదనుకున్నప్పుడేనండీ. సాయంత్రం దాకా ఆగుతాను."

"అదే తప్పు. ఈ మాత్ర వాపుని తగ్గించే రకం. నొప్పి పుట్టించే సరుకుని ఒళ్ళు తయారుచేస్తుంది చూడండి, ఆ తయారీని ఆపుతుంది. సరుకంతా తయారై ఒళ్ళంతా పాకాక వేసుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది? రేపో ఎల్లుండో వస్తుందనగా మొదలుపెట్టండి. ఏదైనా తిన్నాకే. ఎనిమిదేసి గంటలకొకటి, గడియారం చూసి. తగ్గలేదని రెండు మింగకండి, కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. మూడు నాలుగు రోజులు, అంతే. ఇది నొప్పికే, జబ్బుకి కాదు. జబ్బు సంగతి మీ పరీక్ష అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం."

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "ఇంకా రాని నొప్పికి మాత్రేమిటే? దొంగ రాకముందే కేకలు పెట్టినట్టు!"

"కేకలు పెట్టడం లేదమ్మా. తలుపు వేసుకుంటున్నాను."

ఆ నెల ఆమె లెక్క చూసుకుని ముందురోజు మొదలుపెట్టింది. బ్రెడ్డు తిని ఒకటి, ఎనిమిది గంటలాగి ఇంకొకటి. మూడో రోజు పొద్దున షాపులో కాటా ఎక్కింది. యాభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. మేస్త్రి ఆమెని దించి, కాటాని సున్నాకి తెచ్చి, మళ్ళీ ఎక్కమన్నాడు. అదే. గంట తర్వాతా అదే. సాయంత్రమూ అదే. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఉన్నచోట కదలకుండా కూర్చుంది. మేస్త్రి పలక మీద 0.4 అని రాశాడు.

ఆ సాయంత్రం మంచం కిర్రుమనలేదు. అమ్మ పక్కగదిలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎంతే?"

"నాలుగు వందల గ్రాములమ్మా."

 అమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. "ముప్ఫై ఏళ్ళు బస్సు ఒరిగిపోయేలా మోశానే. ఒక్కళ్ళయినా నాకీ మాట చెప్పలేదు," అంది. కోపమో దుఃఖమో ఆమెకే తెలియదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం గడియారం అలారం ఆరింటికి తిప్పిపెట్టి వెళ్ళింది.

పరీక్ష తేదీ వచ్చింది. నెలసరీ వచ్చింది, అది ఎప్పుడు మానింది గనక. ఆరింటికి అమ్మ లేపి, బ్రెడ్డూ గుడ్డూ తినిపించి, మాత్ర చేతిలో పెట్టింది. చేతిరుమాలు అడగనే లేదు.

పరీక్షాధికారి మర్యాదస్తుడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఆమెని చూడగానే గుర్తుపట్టాడు. "మూడోసారి కదూ? కూర్చోండి, ఇవాళ ఎంత?" అని అడిగాడు.

"నాలుగు వందలు సార్."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. ఈసారి ఇచ్చింది మొదటిసారి కాటా కాదు, కానీ అదీ ఆ ఆఫీసులో చాలా ఏళ్ళుగా ఆడవాళ్ళ పరీక్షలకి వాడుతున్నదే. దాని తీగ మీద ఆయన ముద్రే ఉంది.

మొదటి మూల మీద నిలబడింది. 52.4. రెండో మూల, 52.4. మూడో మూల మీద కాలు పెట్టింది. 52.7. నాలుగో మూల మళ్ళీ 52.4.

"మూడో మూల దగ్గర నొప్పి పెరిగినట్టుంది," అన్నాడు అధికారి నెమ్మదిగా. "ఫరవాలేదు, మూడు వందలు తీసేసి రాసుకోండి. ఇక్కడ పరీక్షకొచ్చిన ఆడవాళ్ళందరికీ అక్కడే కాస్త పెరుగుతూంటుంది. నేనూ తీసేస్తూనే ఉంటాను."

తీసేస్తే నాలుగు మూలలూ సమానం. పరీక్ష అయిపోయినట్టే, పటకారు చేతికొచ్చినట్టే. కలం తీసి పట్టుకుంది కూడా. పట్టుకుని ఆగింది. మొదటిసారి తన నొప్పిని కాటా మీదికి తోసి పరీక్ష పోగొట్టుకుంది. ఇప్పుడు కాటా తప్పుని నొప్పి మీదికి తోస్తే పాసవుతుంది. కానీ ఆరింటి మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంది. నాలుగు వందలు నాలుగు వందలుగానే ఉందని ఆమె ఒంటికి తెలుసు, పదేళ్ళుగా బరువులతో బతికిన ఒళ్ళు అది.

"నొప్పి పెరగలేదు సార్," అంది.

"మొదటిసారి కూడా తప్పు కాటాదే అన్నారు మీరు."

"అన్నాను. అప్పుడు నొప్పి ఊగింది. ఇవాళ కదలడం లేదు." ఆమె మళ్ళీ మూడో మూల మీద నిలబడింది. 52.7. మొదటి మూల, 52.4. మూడు, 52.7. "చూడండి సార్. నొప్పికి ఏ మూలైనా ఒకటే. మీరు ఒప్పుకుంటే రాళ్ళు తెస్తాను. ఇనప రాయికి నెలసరి రాదు కదా సార్."

అధికారి ముఖం కొంచెం ఎర్రబడింది. కానీ ఒప్పుకున్నాడు. గది చివర అలమారలోంచి ఆమె ఇరవై కిలోల రాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చింది. మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా పెట్టి, మూడింటినీ. రెండుసార్లు పరీక్షకొచ్చి ఒక్క రాయి ఎత్తలేకపోయిన మనిషి. మొదటి మూల మీద మూడు రాళ్ళూ పేరిస్తే అరవై. అక్కణ్ణించి తీసి మూడో మూల మీద పేర్చింది. అరవై కిలోల మూడు వందల గ్రాములు.



అధికారి కత్తెర తెచ్చి, తన ముద్ర ఉన్న తీగని తనే కత్తిరించాడు. గ్రాము నేల మీద కూర్చుని పైరేకు విప్పింది. మూడో మూల కింద సెన్సారుకి, బోల్టుకి మధ్య ఒక వాషరు వంకరగా ఇరుక్కుని ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో. ఎంతమంది ఆడవాళ్ళు ఆ మూల మీద నిలబడి, అది తమదే అనుకుని తీసేసుకున్నారో. దాన్ని ఆమె వేళ్ళతో బయటికి తీసింది.

"తప్పు నాది కాదు సార్," అంది. "కాటాది."

"అవునమ్మా," అన్నాడాయన. "నాదీను."

వాషరు సరిగ్గా వేసి, రేకు బిగించి, మళ్ళీ నాలుగు మూలలూ ఎక్కింది. 52.4, నాలుగుసార్లూ. అధికారి బీరువాలోంచి కొత్త పటకారు తీసి, పుస్తకంలో నెంబరు రాసి ఆమె చేతికిచ్చాడు. కొత్త తీగ, కొత్త సీసపు బిళ్ళ. ఆమె నొక్కింది. 318. ఆఫీసు వాళ్ళ సొంత కాటా మీద, అధికారి ముద్ర ఉన్నచోట, గ్రాము ముద్ర.

షాపుకి వెళ్ళి మేస్త్రికి చూపించాలనే తొందరలో ఆమె మెట్లు దిగింది. గేటు దగ్గర అమ్మ ఒక చేత్తో బ్రెడ్డు పొట్లం, ఇంకో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉంది. పాపం వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"రెండయింది. ముందు ఇది తిను, తర్వాత మాత్ర," అంది అమ్మ. కూతురు బ్రెడ్డు కొరుకుతూనే రెండో చేత్తో పటకారు తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, నెంబరుని వేలితో తడిమింది. కళ్ళు తుడుచుకుంది.

"పాసైందా అమ్మాయి?" అని అడిగాడు వాచ్‌మన్.

అమ్మ కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడింది. ఒకప్పుడు పక్కింటావిడతో మాట్లాడిన ఆ గొంతుతోనే, వీధి వినేలా చెప్పింది.

"పొద్దున ఆరింటికే మాత్ర వేసుకుందయ్యా మా అమ్మాయి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు."